చిన్న విద్యుత్ వ్యాన్ కోసం రాజధాని ప్రాంతం ఎదురుచూపు

అనంతపురం రైతులు పండించిన పండ్లు, కూరగాయలతో దక్షిణాదిలోనే మొదటి కిసాన్ రైలు 2020 సెప్టెంబరు 9న ఢిల్లీలోని ఆదర్శ్ నగర్ స్టేషన్‌కు బయలుదేరింది. ఆ స్టేషన్ పక్కనే ఉన్నది ఆజాద్‌పూర్ మండీ. రెండు వేల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణాన్ని రైలు పూర్తిచేస్తుంది. మండీ నుంచి లక్ష్మీనగర్ సందులోని దుకాణానికో, గురుగ్రామ్‌లోని అపార్ట్‌మెంటు గేటుకో సరుకు చేర్చే బాధ్యత మాత్రం చిన్న వాహనానిదే. బత్తాయి బుట్టకు, బడి పిల్లలకు, పెళ్లి వంటపాత్రలకు, రోగిని మోసే స్ట్రెచర్‌కు అదే ఆధారం. రాజధాని ప్రాంతంలో ఇది పెట్రోలు, డీజిల్ లేదా సీఎన్‌జీతో నడిచే వ్యాన్. దానికి విద్యుత్ రూపం ఎప్పుడు, ఏ ధరకు, ఎవరికి అందుతుందన్న ప్రశ్న ఇప్పుడు వాయు కాలుష్య నియంత్రణ ఉత్తర్వులతో ముడిపడింది.

రాజధాని ప్రాంత వాయు నాణ్యత నిర్వహణ కమిషన్ 2025 జూన్‌లో ఒక ఆదేశం జారీచేసింది. క్యాబ్ సేవల సంస్థలు, సరుకు చేరవేసే సంస్థలు, ఆన్‌లైన్ వాణిజ్య సంస్థలు 2026 జనవరి 1 నుంచి తమ వాహనశ్రేణిలో కేవలం పెట్రోలు లేదా డీజిల్‌తో నడిచే కొత్త తేలికపాటి సరుకు వాహనాలను, ద్విచక్ర వాహనాలను చేర్చుకోరాదన్నది దాని సారాంశం. ఢిల్లీతో పాటు హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో రాజధాని ప్రాంతంలోకి వచ్చే జిల్లాలకూ ఇది వర్తిస్తుంది. దీనికి ముందే 2023 నవంబరులో ఢిల్లీ ప్రభుత్వం మరో పథకాన్ని నోటిఫై చేసింది. 25 లేదా అంతకు మించి వాహనాలున్న క్యాబ్, డెలివరీ సంస్థలు 2030 ఏప్రిల్ 1 నాటికి తమ వాహనాలన్నిటినీ విద్యుత్ వాహనాలుగా మార్చుకోవాలని అది గడువు విధించింది.

ఈ రెండు నిబంధనలూ పెద్ద సంస్థలను ఉద్దేశించినవి. ఒకే ఒక్క వ్యాన్ కొనుక్కుని దానిమీదే కుటుంబాన్ని పోషించుకునే యజమాని వీటి పరిధిలోకి రాడు. అతణ్ణి ఎవరూ నిర్బంధించడం లేదు, ఎవరూ ఆదుకోవడమూ లేదు. చిన్న విద్యుత్ వ్యాన్ గురించిన చర్చలో తరచూ మరుగున పడే మనిషి ఇతడే.

మారుతీ వ్యాన్ వారసత్వం

ఢిల్లీలో వ్యాన్ అన్న మాటకు రూపం ఇచ్చింది గురుగ్రామ్ కర్మాగారం. 1983 డిసెంబరులో మారుతీ 800 కారు విడుదలైంది. మరుసటి ఏడాది, 1984లో, సుజుకీ క్యారీ నమూనా ఆధారంగా రూపొందిన మారుతీ వ్యాన్ వచ్చింది. 796 సీసీ ఇంజన్, పక్కకు జరిగే తలుపులు, డబ్బా వంటి ఆకారం దాని గుర్తులు. తర్వాత దానికి ఓమ్నీ అన్న పేరు స్థిరపడింది. తెలుగునాట మాత్రం పేరు మారినా జనం నోట అది మారుతీ వ్యానుగానే మిగిలింది. సినిమాల్లో అపహరణ దృశ్యం అనగానే ఈ వ్యానే తెరమీదికి వచ్చేది. ఆ అపకీర్తికి వాహనం చేసిన తప్పేమీ లేదు, పక్కకు జరిగే తలుపు సౌకర్యం తప్ప. కొత్త భద్రతా ప్రమాణాలు అమల్లోకి వచ్చిన 2019లో ఓమ్నీ ఉత్పత్తి నిలిచిపోయింది. 2010 జనవరిలో వచ్చిన ఈకో దాని స్థానాన్ని నింపింది. 1.2 లీటర్ల ఇంజన్‌తో, కుటుంబ వాహనంగా, సరుకు వ్యానుగా, అంబులెన్సుగా అనేక రూపాల్లో అది నేటికీ అమ్ముడవుతోంది.

ఈ రెండు వాహనాల నిర్మాణంలో ఒక పోలిక ఉంది. ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. అందువల్ల ముందు భాగం పొడవు తగ్గి, వెనుక సరుకుకు లేదా సీట్లకు ఎక్కువ చోటు దొరుకుతుంది. వేసవిలో డ్రైవరు సీటు కింద వేడి ఎంతటిదో ఢిల్లీ స్కూలు వ్యాన్ నడిపేవారికి తెలుసు. సీఎన్‌జీ సిలిండరు అమర్చితే వెనుక సామాను పెట్టే చోటు చాలావరకు పోతుంది. విద్యుత్ వాహనంలో బ్యాటరీని నేల కింద పరచవచ్చు. మోటారు పరిమాణంలో చిన్నది. ఇంజన్ వేడి ఉండదు, సిలిండరు ఆక్రమణ ఉండదు. సాంకేతికంగా చూస్తే విద్యుత్ శక్తికి కారు కన్నా వ్యానే సహజమైన వాహనం. అయినా వ్యాన్ కన్నా ముందు పెద్ద సంఖ్యలో రోడ్డెక్కినవి ఈ-రిక్షాలు, కార్లు.

తొలి ప్రయత్నాలు

ఢిల్లీకి విద్యుత్ వ్యాన్ కొత్తదేమీ కాదు. గత శతాబ్దపు చివరి దశాబ్దాల్లో ప్రభుత్వరంగ సంస్థ భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ 18 మంది కూర్చునే విద్యుత్ వ్యాన్‌ను రూపొందించింది. సీసం-ఆమ్ల బ్యాటరీలతో నడిచే ఈ వాహనాలు సుమారు 200 తయారై ఢిల్లీ వీధుల్లో తిరిగాయి. ఆనాటి బ్యాటరీలు బరువైనవి, ఆయుష్షు తక్కువ, ఛార్జింగుకు గంటలు పట్టేవి. అవి పాతబడ్డాక కొత్తవి కొని అమర్చే ఖర్చును ఎవరు భరించాలన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకలేదు. 1993లో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో లవ్‌బర్డ్ అనే రెండు సీట్ల విద్యుత్ కారు ప్రదర్శితమైంది. అదీ నిలదొక్కుకోలేదు.

2010 తర్వాత ఢిల్లీ సందుల్లోకి ఈ-రిక్షాలు వెల్లువలా వచ్చాయి. ఏ ప్రణాళికా సంఘమూ వీటిని ఊహించలేదు, ఏ పెద్ద కంపెనీ వీటిని ప్రచారం చేయలేదు. 2014 జులైలో ఢిల్లీ హైకోర్టు వీటిని నిషేధించగా, మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 2015లో చట్టబద్ధం చేశారు. చౌకగా దొరికి, ఇంటి ప్లగ్గుతో ఛార్జి అయ్యే వాహనాన్ని పేదవాడు ప్రోత్సాహకాల కోసం ఎదురుచూడకుండానే కొంటాడని ఈ-రిక్షా రుజువు చేసింది. దాని భద్రత గురించి ఉన్న అభ్యంతరాలన్నీ సబబైనవే. ఈ-రిక్షాకూ కారుకూ మధ్య ఉన్న ఖాళీయే చిన్న వ్యాన్‌ది.

ఆ ఖాళీని పూరించేందుకు మహీంద్రా సంస్థ 2016 అక్టోబరులో ఈ-సుప్రో పేరిట సరుకు వ్యాన్‌ను, ఎనిమిది సీట్ల ప్రయాణికుల వ్యాన్‌ను విడుదల చేసింది. ఒక ఛార్జింగుతో సుమారు 110 కిలోమీటర్లు, గరిష్ఠ వేగం గంటకు 60 కిలోమీటర్లు. ఢిల్లీలో ధర 8 లక్షల రూపాయలు దాటింది. నగరంలో తిరిగేందుకు ఆ వేగం చాలు. కానీ నోయిడా ఎక్స్‌ప్రెస్‌వే మీద లారీల మధ్య 60 కిలోమీటర్ల వేగంతో పిల్లల్ని తీసుకెళ్లడానికి ఎంతమంది సాహసిస్తారు? పైగా అప్పట్లో బయట ఛార్జింగు కేంద్రాలు దాదాపు లేవు. వాహనం కాలానికి ముందే వచ్చిందని చెప్పవలసి ఉంటుంది.

2018 సెప్టెంబరులో న్యూఢిల్లీలో జరిగిన మూవ్ సదస్సులో సుజుకీ ఛైర్మన్ ఒసాము సుజుకీ 2020 నాటికి భారత్‌లో విద్యుత్ వాహనాన్ని తెస్తామని ప్రకటించారు. అదే ఏడాది వాగన్ఆర్ ఆధారంగా తయారైన 50 విద్యుత్ కార్లను దేశంలోని రోడ్లపై పరీక్షించారు. ఆ కారు సాధారణ కొనుగోలుదారుల వరకు రాలేదు. చివరికి మారుతీ తొలి విద్యుత్ వాహనంగా ఎంచుకున్నది ఈ-విటారా అనే ఎస్‌యూవీని. 2025 జనవరిలో ఢిల్లీలోని భారత్ మండపంలో జరిగిన భారత్ మొబిలిటీ ప్రదర్శనలో దాన్ని చూపించారు. ఆగస్టు 26న గుజరాత్‌లోని హన్సల్‌పూర్ కర్మాగారంలో ప్రధానమంత్రి దాని ఉత్పత్తికి పచ్చజెండా ఊపారు. ఎస్‌యూవీని ముందుకు తేవడానికి వ్యాపార కారణం స్పష్టమే. బ్యాటరీ ఖర్చు ఖరీదైన వాహనంలో ఇమిడిపోతుంది. అయిదారు లక్షల వ్యాన్‌లో అది దాక్కోలేదు.

రోడ్డెక్కినవి

సరుకు వాహనాల విషయంలో మాత్రం ఎదురుచూపు ముగిసి, పోటీ మొదలైంది. 2005 మేలో విడుదలై చోటా హాథీగా పేరుపడిన టాటా ఏస్‌కు విద్యుత్ రూపం 2022 మే 5న వెలువడింది. 21.3 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, 600 కిలోల బరువు మోసే సామర్థ్యం, ధ్రువీకరించిన పరిధి 154 కిలోమీటర్లు. ఆన్‌లైన్ వాణిజ్య, రవాణా సంస్థలు 39,000 వాహనాలకు అవగాహన ఒప్పందాలు కుదుర్చుకున్నాయి. మొదటి వాహనాలు 2023 జనవరిలో అందాయి. 2024 మేలో టన్ను బరువు మోసే మరో రూపం వచ్చింది. 2024 అక్టోబరు 3న మహీంద్రా జియో విడుదలైంది. 7.52 లక్షల రూపాయల ప్రారంభ ధరతో వచ్చిన ఈ శ్రేణిలో మూసివున్న డబ్బాతో డెలివరీ వ్యాన్ కూడా ఉంది. ఢిల్లీ కేంద్రంగా ఏర్పడి, హర్యానాలోని పల్వల్‌లో కర్మాగారం నెలకొల్పుకున్న ఆయిలర్ మోటార్స్ 2024 సెప్టెంబరులో స్టార్మ్ పేరిట 1,250 కిలోలు మోసే నాలుగు చక్రాల వాహనాన్ని తెచ్చింది. ఏడాది తిరిగేసరికి టన్ను సామర్థ్యంతో 5.99 లక్షల ప్రారంభ ధరకు మరొకటి ప్రకటించింది.

వీటన్నిటిలో ధరల పోలికకు బాగా పనికివచ్చేది టాటా ఏస్ ప్రో. ఒకే వాహనాన్ని మూడు రూపాల్లో 2025 జూన్‌లో విడుదల చేశారు. విడుదల నాటి ప్రారంభ ధరలు ఇలా ఉన్నాయి: పెట్రోలుది 3.99 లక్షలు, సీఎన్‌జీ-పెట్రోలుది 4.99 లక్షలు, విద్యుత్‌ది 6.50 లక్షలు. మోసే బరువు 750 కిలోలు. విద్యుత్ రూపంలో బ్యాటరీ 14.4 కిలోవాట్ అవర్లు, ధ్రువీకరించిన పరిధి 155 కిలోమీటర్లు.

ఈ అంకెలతో ఒక ఉజ్జాయింపు లెక్క వేసుకోవచ్చు. ఛార్జింగులో కొంత నష్టం పోగా బ్యాటరీ నిండడానికి 16 యూనిట్లు కావాలనుకుందాం. యూనిట్ 8 రూపాయలైతే 128 రూపాయలు. బరువు, రద్దీ, వేడి అన్నీ కలిసి పరిధి 110 కిలోమీటర్లకు తగ్గిందనుకున్నా కిలోమీటరుకు సుమారు రూపాయి 20 పైసలు పడుతుంది. పెట్రోలు లీటరు 95 రూపాయలు, మైలేజి 18 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు 5 రూపాయల 25 పైసలు. మిగులు 4 రూపాయలు. ధరలో తేడా 2.51 లక్షలు కాబట్టి, అది తిరిగి రావడానికి 62 వేల కిలోమీటర్లకు పైగా నడవాలి. రోజుకు 80 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగే వాహనానికి ఇది రెండు సంవత్సరాల ఏడు నెలల పని. రోజుకు 40 కిలోమీటర్లే తిరిగితే అయిదేళ్లు దాటుతుంది. సీఎన్‌జీతో పోల్చినా ఫలితం పెద్దగా మారదు. కిలో 77 రూపాయలు, మైలేజి 20 కిలోమీటర్లుగా తీసుకుంటే ధరలోని తేడా రాబట్టుకోవడానికి దాదాపు 57 వేల కిలోమీటర్లు కావాలి. విద్యుత్ వాహనానికి ఇంజన్ ఆయిలు, క్లచ్చు, ఫిల్టర్ల ఖర్చు లేదు. ఆ మేరకు ఈ కాలం ఇంకొంత తగ్గుతుంది. అప్పు మీద వడ్డీ ఎక్కువైతే మళ్లీ పెరుగుతుంది.

ఎక్కువ తిరిగే డెలివరీ సంస్థకు విద్యుత్ వాహనం లాభసాటి అన్నది ఈ లెక్కలోంచి తేలే మొదటి విషయం. రెండో విషయం కొంత ఇబ్బందికరమైనది. స్కూలు వ్యాన్‌ను తీసుకుంటే, ఉదయం కొంతసేపు, మధ్యాహ్నం కొంతసేపు తిరిగి మిగతా వేళ నిలిచి ఉంటుంది. దూరం తక్కువ, దారి తెలిసినదే, ఛార్జింగుకు కావలసినంత వ్యవధి. బ్యాటరీ వాహనానికి ఇంతకన్నా అనువైన పని లేదు. కానీ తక్కువ తిరగడం వల్లనే పెట్టుబడి త్వరగా తిరిగి రాదు. నవంబరులో గాలి విషతుల్యమై ఢిల్లీ బడులు మూతపడే రోజుల్లో, ఆ పిల్లల్ని మోసే వాహనమే మారడానికి అన్నిటికన్నా ఆలస్యమవుతోంది. పెద్ద సంస్థలకు వర్తించే పై ఆదేశాలు సొంతంగా స్కూలు వ్యాన్ నడుపుకునే వ్యక్తిని తాకవు.

ప్రోత్సాహకాలు, వాటి మధ్య ఖాళీ

2020 ఆగస్టు 7న ప్రకటించిన ఢిల్లీ విద్యుత్ వాహన విధానం సరుకు వాహనాలను ప్రత్యేకంగా పట్టించుకుంది. మూడు చక్రాల, తేలికపాటి నాలుగు చక్రాల విద్యుత్ సరుకు వాహనాల్లో మొదటి 10,000 వాటికి ఒక్కొక్కదానికి 30,000 రూపాయల సాయం, రుణంపై 5 శాతం వడ్డీ రాయితీ, రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుముల మినహాయింపు అందులోని అంశాలు. ఆ విధానం గడువును తర్వాత పలుమార్లు పొడిగించారు. ఈ ప్రోత్సాహకాలన్నిటికన్నా ఎక్కువ పనిచేసినది బహుశా 2021 జులైలో వచ్చిన ఒక చిన్న ఉత్తర్వు. ఢిల్లీలోని సుమారు 250 రోడ్లపై రద్దీవేళల్లో సరుకు వాహనాలకు ప్రవేశం లేదు. ఆ నిషేధం నుంచి విద్యుత్ తేలికపాటి సరుకు వాహనాలను మినహాయించారు. డీజిల్ బండి పక్కన నిలబడి గడియారం చూసుకునే సమయంలో విద్యుత్ బండి మరో ట్రిప్పు వేసుకురావచ్చు. వ్యాపారికి సబ్సిడీ కన్నా సమయం విలువైనదని ఈ ఉత్తర్వు గుర్తించింది.

అంతకు ముందే, 2018లో, కేంద్రం బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు పర్మిట్ అవసరం లేకుండా చేసింది. వాటికి ఆకుపచ్చ నంబరు ప్లేటు వచ్చిందీ ఆ ఏడాదే: సొంత వాహనాలకు తెల్ల అక్షరాలు, రవాణా వాహనాలకు పసుపు అక్షరాలు. విద్యుత్ వాహనాలపై వస్తు, సేవల పన్నును 2019 ఆగస్టు 1న 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. అయితే 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్లు, సరుకు రవాణా వాహనాలపై పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. కొనుగోలుదారుకు ఇది శుభవార్తే. విద్యుత్ వాహనానికి ఉన్న పన్ను ఆధిక్యం మాత్రం 23 శాతం పాయింట్ల నుంచి 13కు కుదించుకుపోయింది. గాలిని బాగుచేయాలన్న విధానమూ, వాహనాన్ని చౌక చేయాలన్న విధానమూ ఇక్కడ ఎదురెదురుగా నడుస్తున్నాయి.

కేంద్ర పథకాల్లోనూ చిన్న వ్యాన్ పక్కకు జరిగింది. 2019 ఏప్రిల్‌లో మొదలైన ఫేమ్ రెండో దశ 2024 మార్చి 31న ముగిసింది. దాని తర్వాత 2024 అక్టోబరు 1న 10,900 కోట్ల రూపాయలతో పీఎం ఈ-డ్రైవ్ పథకం ప్రారంభమైంది. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు, బస్సులకు అందులో చోటిచ్చారు. అంబులెన్సులకు 500 కోట్లు, ట్రక్కులకు మరో 500 కోట్లు కేటాయించారు. 2025 జులైలో వెలువడిన మార్గదర్శకాల ప్రకారం ట్రక్కుల సాయం 3.5 టన్నులకు మించిన ఎన్2, ఎన్3 తరగతులకే. ఢిల్లీలో నమోదయ్యే సుమారు 1,100 ట్రక్కులకు 100 కోట్లు ప్రత్యేకించారు. 3.5 టన్నుల లోపు ఎన్1 తరగతి, అంటే ఏస్, జియో వంటివి, ప్రయాణికుల చిన్న వ్యాన్ ఇందులో లేవు. కింద మూడు చక్రాల బండికి సాయం దక్కింది, పైన ట్రక్కుకు దక్కింది, నడుమ ఉన్నదానికి దక్కలేదు. అంబులెన్సుల కేటాయింపు ఒక్కటే వ్యాన్ ఆకారానికి దగ్గరగా వస్తుంది.

తెలంగాణ ఈ విషయంలో వేరే దారి పట్టింది. 2024 నవంబరులో ప్రకటించిన విధానం ప్రకారం ఆ రాష్ట్రంలో రిజిస్టరయ్యే విద్యుత్ తేలికపాటి సరుకు వాహనాలకు కూడా 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించారు. హైదరాబాద్‌లో ట్రాలీ నడుపుకునేవారికి ఇది నేరుగా వర్తించే అంశం.

ఛార్జింగు ఎక్కడ?

గోడౌను ఉన్న సంస్థకు రాత్రి వేళ వాహనాలను వరుసగా నిలిపి ఛార్జి చేసుకునే వీలుంది. ఒంటరి యజమాని ఉండేది సంగం విహార్ వంటి కాలనీలో, ఇరుకు సందులో, రెండో అంతస్తు అద్దె ఇంట్లో. వ్యాన్ నిలిపేది వీధి చివర. మీటరు ఇంటి యజమాని పేరున ఉంటుంది. కిటికీలోంచి తీగ వేలాడదీసి రాత్రంతా ఛార్జి చేయడం ప్రమాదకరం, చట్టవిరుద్ధం కూడా. ఢిల్లీ విద్యుత్ నియంత్రణ సంఘం ఛార్జింగు కోసం యూనిట్ 4 రూపాయల 50 పైసల ప్రత్యేక ధర నిర్ణయించింది. బహిరంగ కేంద్రాల్లో నిర్వాహకుల రుసుము కలిసి అంతకన్నా ఎక్కువే పడుతుంది. చౌక ధర దక్కాలంటే సొంత కనెక్షను ఉండాలి, సొంత కనెక్షనుకు సొంత పార్కింగు ఉండాలి. అది ఉన్నవారు సాధారణంగా వ్యాన్ నడపరు.

వాతావరణం సంగతి వేరే. చిన్న సరుకు వాహనాల్లో ఎక్కువగా వాడుతున్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ. ఇతర లిథియం రకాల కన్నా వేడికి తట్టుకునే గుణం, ఎక్కువసార్లు ఛార్జి చేసినా నిలిచే ఆయుష్షు దీని బలాలు. బరువుకు తగ్గ శక్తి నిల్వ చేయడంలో కొంత వెనుకబడి ఉంటుంది. మే, జూన్ నెలల్లో 45 డిగ్రీలు తాకే ఎండ, జనవరిలో 4, 5 డిగ్రీలకు పడిపోయే చలి రెండూ ఢిల్లీలో ఉన్నాయి. చలిలో బ్యాటరీ నెమ్మదిగా ఛార్జి అవుతుంది, పరిధి తగ్గుతుంది. అందువల్ల కాగితంపై ఉన్న 155 కిలోమీటర్లను డ్రైవరు తన మనసులో వందగా రాసుకుంటే మంచిది. నాలుగు చక్రాల విద్యుత్ వాహనాల బ్యాటరీ భద్రతకు ఏఐఎస్-038 ప్రమాణపు కఠినమైన సవరణ అమల్లో ఉంది. కొనేటప్పుడు బ్యాటరీ వారంటీ ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని సంవత్సరాలకు, సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మార్చి ఇస్తారు అనే మూడింటినీ రాతపూర్వకంగా చూసుకోవడం అవసరం. పాత వ్యాన్‌ను అమ్మితే ఎంత వస్తుందో మెకానిక్ చెప్పగలడు. పాత విద్యుత్ వ్యాన్‌కు ఆ బజారు ఇంకా ఏర్పడలేదు, బ్యాంకులు జంకడానికి ఒక కారణం అదే.

బ్యాటరీలోని సెల్స్ చాలావరకు చైనా నుంచి దిగుమతి అవుతున్నాయి. దేశీయ తయారీ కోసం జరుగుతున్న ప్రయత్నాల్లో తెలుగువారికి దగ్గరి ఉదాహరణ మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లి. అక్కడ అమరరాజా సంస్థ 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి అంచనాతో తలపెట్టిన గిగా కారిడార్‌కు 2023 మేలో శంకుస్థాపన జరిగింది. సెల్ ధర తగ్గితేనే వ్యాన్ ధర తగ్గుతుంది.

ఇతర దేశాల్లో

బ్రిటన్‌లో ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలంలో పాలసీసాలు ఇంటింటికీ చేర్చింది బ్యాటరీ బండ్లే. తెల్లవారుజామున నిశ్శబ్దంగా, నెమ్మదిగా, అడుగడుగునా ఆగుతూ వెళ్లే పనికి అవి వేల సంఖ్యలో వాడుకలో ఉండేవి. చిన్న విద్యుత్ వ్యాన్ ఆలోచన ఎంత పాతదో చెప్పడానికి ఇది చాలు. జపాన్‌లో మిత్సుబిషి 2011లోనే మినీక్యాబ్ మీవ్ అనే చిన్న విద్యుత్ వ్యాన్‌ను విడుదల చేసింది. ఉత్తరాల బట్వాడా కోసం జపాన్ పోస్ట్ 2019లో 1,200 వాహనాలకు ఆర్డరు ఇచ్చింది. 2024 అక్టోబరులో హోండా ఎన్-వ్యాన్ ఈ అమ్మకానికి వచ్చింది, 29.6 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో ధ్రువీకరించిన పరిధి 245 కిలోమీటర్లు.

భారతీయులకు ఎక్కువ ఆసక్తి కలిగించేది సుజుకీ, టయోటా, డైహత్సు సంస్థల ఉమ్మడి ప్రయత్నం. 2023 మేలో హిరోషిమా జి-7 సదస్సుకు ముందు తమ చిన్న విద్యుత్ వాణిజ్య వ్యాన్ నమూనాను ఇవి ప్రదర్శించాయి. సుమారు 200 కిలోమీటర్ల పరిధితో 2023-24 ఆర్థిక సంవత్సరంలోనే విడుదల చేయాలన్నది సంకల్పం. ఇంతలో 2023 డిసెంబరులో డైహత్సు వాహనాల ధ్రువీకరణ పరీక్షల్లో అక్రమాలు వెలుగుచూడడంతో ఆ గడువు తప్పింది. ఓమ్నీకి మూలమైన క్యారీని తయారుచేసిన సుజుకీ ఈ కొత్త వ్యాన్‌లోనూ భాగస్వామి. గురుగ్రామ్ కర్మాగారానికీ దీనికీ చుట్టరికం ఉన్నందువల్ల ఢిల్లీ డీలర్ల దుకాణాల్లో విద్యుత్ ఈకో గురించిన ఊహాగానాలకు అంతు లేదు. అయితే జపాన్ చిన్న వ్యాన్ పొడవు చట్టప్రకారం 3.4 మీటర్లు దాటదు, ఈకోది 3.67 మీటర్లకు పైనే. ఆ నమూనాను ఉన్నదున్నట్టుగా ఇక్కడికి తెస్తే ఏడుగురు కూర్చోవడం కష్టం.

కాలుష్య నియంత్రణలో ఢిల్లీకి ఒక పూర్వానుభవం ఉంది. 1998 జులైలో సుప్రీంకోర్టు నగర బస్సులన్నిటినీ సీఎన్‌జీకి మార్చాలని ఆదేశించింది. 2001 మార్చి 31 గడువు దాటిపోయింది. వాయువు సరఫరా కేంద్రాలు చాలలేదు, బంకుల ముందు కిలోమీటర్ల పొడవున బారులు తీరాయి. చివరికి 2002 ముగిసేనాటికి మార్పు పూర్తయింది. ఆ కాలంలో ఆటోల యజమానులు చేసిన అప్పులు, ఎదురుచూసిన గంటలు అధికారిక లెక్కల్లోకి పెద్దగా ఎక్కలేదు.

ప్రస్తుత ఆదేశం సీఎన్‌జీ వాహనాలను అనుమతిస్తోంది కాబట్టి, జనవరి తర్వాత చాలా సంస్థలు మొదట అటువైపే మొగ్గడానికి వీలుంది. బంకుల దగ్గర బారులు ఈనాటికీ ఉన్నాయి. సరుకు చేర్చే పనిలో రోజుకు 80 కిలోమీటర్లు దాటి తిరిగేవారికి ఇప్పుడు దొరుకుతున్న విద్యుత్ వాహనాలను పరిశీలించడం లాభదాయకమే. ఏడు సీట్ల వ్యాన్‌తో బడి పిల్లల్ని తీసుకెళ్లే యజమాని మాత్రం తన ఓమ్నీనో, ఈకోనో మరికొంత కాలం నడుపుకోక తప్పదు. ఢిల్లీలో పెట్రోలు వాహనానికి పదిహేనేళ్లు, డీజిల్ వాహనానికి పదేళ్లు అన్న వయోపరిమితి 2015 నాటి హరిత ట్రిబ్యునల్ ఆదేశం నుంచి వచ్చింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది, 2025లో దాని అమలుపై మళ్లీ విచారణ చేపట్టింది. 2010లో మొదటగా అమ్ముడైన ఈకోలకు 2025లోనే పదిహేనేళ్లు నిండాయి.